అక్రోటు చెక్క: పనితనం ఎవరిది, పేరు ఎవరిది?

కాశ్మీర్ అక్రోటు చెక్కుడుపని మీద వచ్చే రాతలు దాదాపు అన్నీ ఒకే చోట మొదలవుతాయి. 15వ శతాబ్దంలో సుల్తాన్ జైనుల్ ఆబిదీన్ పరాయి దేశాల నుంచి పనివాళ్లను రప్పించాడనీ, ఆయన నీడలో కళ వర్ధిల్లిందనీ చెబుతాయి. రాజు పేరు దొరుకుతుంది. ఉలి పట్టినవాళ్ల పేర్లు మాత్రం దొరకవు. దీన్ని మరుపు అని మేం అనుకోవడం లేదు. శ్రమను మెచ్చుకుంటూనే శ్రామికుణ్ణి చరిత్ర నుంచి తప్పించే పాత పద్ధతి ఇది.

ముందు అసలు పని ఏంటో చూద్దాం. అక్రోటు దుంగను పలకలుగా కోసి ఏళ్ల తరబడి ఆరబెట్టాలి. తొందరపడితే పలక వంగుతుంది, పగులుతుంది. వేరు దగ్గరి చెక్క ముదురు రంగులో ఉంటుంది, ధర ఎక్కువ. కొమ్మ చెక్క పాలిపోయి ఉంటుంది. నక్కాష్ గీసిన గీత వెంట ఉలీ, కొయ్య సుత్తీ నడుస్తాయి. చినార్ ఆకు, తామర, గులాబీ, ద్రాక్షతీగ లేస్తాయి. ఒక ఆకు కింద ఇంకో ఆకు దూరినట్టు పొరలు పొరలుగా తొలవడం చాలా కష్టమైన పని. పైన రంగు పుయ్యరు. నునుపు చేసి, మెరుగు పెట్టి, చెక్కలోని చారలనే కనబడనిస్తారు. ఏ చెక్క ఎంత లోతు ఓర్చుకుంటుందో తెలియడం శాస్త్రం కాదా? పుస్తకంలో ఉంటే శాస్త్రం, చేతిలో ఉంటే వంశపారంపర్య నైపుణ్యం! ఈ తేడా ఎవరు పెట్టారు?

నక్కాష్ అన్న మాట మనకూ తెలిసిందే. నిర్మల్‌లో కొయ్యబొమ్మలు చేసేవాళ్లనూ, చేర్యాలలో పటాలు గీసేవాళ్లనూ నకాషీలనే అంటారు. కాశ్మీర్ పనివాళ్లలో ఎక్కువమంది ముస్లిములు. వాళ్లనూ దళితులనూ ఒకే గాటన కట్టడం మా ఉద్దేశం కాదు. కానీ అక్కడ నజార్ అన్న ఇంటిపేరే వడ్రంగి పనిని చెబుతుంది. కులం పనిని పంచడంతో ఆగదనీ, పనిచేసేవాళ్లనే మెట్లుగా విడగొడుతుందనీ అంబేద్కర్ 1936లో వివరించారు. మతం మారినంత మాత్రాన పనికీ పుట్టుకకూ వేసిన ముడి ఊడిపోదు.

1999 చట్టం కింద కాశ్మీర్ అక్రోటు చెక్కుడుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ చట్టం ఊరి పేరును కాపాడుతుంది. చెక్కినవాడికి ఇంత కూలీ ఇవ్వాలని చెప్పదు. 2023లో కేంద్రం తెచ్చిన విశ్వకర్మ పథకం 18 చేతివృత్తులకు అప్పు, శిక్షణ, పనిముట్ల సాయం ఇస్తానంటుంది. సాయాన్ని మేం కాదనం. అయితే గురుశిష్య పరంపరనూ కుటుంబ వృత్తినీ బలపరచడం తన లక్ష్యమని అదే పథకం చెప్పుకుంటోంది. మా పేచీ అక్కడే.

కొడుకులు ఉలి వదిలేస్తున్నారు, కళ చచ్చిపోతోంది అని కళాభిమానులు వాపోతుంటారు. వాళ్ల పిల్లలు మాత్రం ఉలి పట్టరు. తాతల పని వదిలి విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటి తరం వాళ్లం మేం. మా చదువును సంస్కృతికి జరిగిన నష్టం కింద ఎవరైనా లెక్కగడితే ఒప్పుకోం. ఇప్పుడు యంత్రం కూడా ఆ పూలనే చెక్కుతోంది. చేతిపని నిలవాలంటే చేతికి తగ్గ ధర కట్టాలి, వస్తువు మీద చెక్కినవాడి పేరు ఉండాలి, ఏ ఇంటి బిడ్డ అయినా ఇష్టపడితే నేర్చుకునే బడి ఉండాలి. ఉలి పట్టాలో వద్దో పుట్టుక తేల్చకూడదు.