గాజు మీద కంటికి ఆనని పనితనం

ఖమ్మం ప్రాంతపు రాళ్లలో కురువిందం దొరుకుతుంది. అది అల్యూమినియం ఆక్సైడ్. స్వచ్ఛంగా ఉంటే దానికి రంగే లేదు. కాస్త క్రోమియం కలిస్తే కెంపవుతుంది, ఇనుమూ టైటానియమూ కలిస్తే నీలమవుతుంది. లోహపు ఆక్సైడ్‌లో పరాయి పరమాణువులను కొలిచి కలిపి దాని గుణం మార్చడాన్ని ప్రయోగశాలల్లో డోపింగ్ అంటారు. వెంట్రుక మందంలో నూరో వంతు కూడా లేని పొరలో ఆ పని చేయడం గొప్ప హస్తకళ అని నా నమ్మకం. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగానికి ఈ విద్యలో దశాబ్దాల పేరుంది.

గాజు వెలుతురును పోనిస్తుంది, కరెంటును పోనివ్వదు. లోహం అందుకు సరిగ్గా ఎదురు. ఈ రెంటినీ ఒక్క పొరలో కుదిర్చిన తొలి మనిషి జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ బేడెకర్. 1907లో కాడ్మియం ఆక్సైడ్‌తో సాధించాడు. ఇప్పుడు ఎక్కువగా వాడే వాటిలో ఫ్లోరిన్ కలిపిన టిన్ ఆక్సైడ్ ఒకటి. ఆక్సిజన్ రెండు ఎలక్ట్రాన్లను పట్టి ఉంచుతుంది, దాని చోట కూర్చున్న ఫ్లోరిన్‌కు ఒక్కటి చాలు. మిగిలిన ఎలక్ట్రాన్ పొరంతా తిరుగుతూ కరెంటు మోస్తుంది. అలాగని ఫ్లోరిన్ పెంచుకుంటూ పోతే లాభం లేదు. ఒక హద్దు దాటాక ఆ పరమాణువులే ఎలక్ట్రాన్ల దారికి అడ్డుపడతాయి.

అసలు నేర్పు స్ప్రే పద్ధతిలో చూడాలి. ముందు గాజును మచ్చ లేకుండా కడగాలి. వేలిముద్ర ఉన్నచోట పొర సరిగా అంటదు. టిన్ క్లోరైడ్, అమ్మోనియం ఫ్లోరైడ్ కలిపిన ద్రావణాన్ని గాలి ఒత్తిడితో తుంపరగా మార్చి, 400–450 డిగ్రీల వేడిలో ఉన్న గాజు మీద చల్లుతారు. కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినప్పటి సంగతే ఇక్కడా. వేడి చాలకపోతే బొట్టు తడిగా పడి మరకవుతుంది. మరీ ఎత్తు నుంచి చల్లితే దారిలోనే ఎండి పొడిగా రాలుతుంది, తుడిస్తే చేతికి వచ్చేస్తుంది. ద్రవం ఆవిరై, లవణం గాజును తాకుతూనే ఆక్సైడ్‌గా మారాలి. అందుకే కొన్ని సెకన్లు చల్లి ఆగుతారు, గాజు మళ్లీ వేడెక్కాక చల్లుతారు. పొర మందమెక్కే కొద్దీ దాని మీద ఊదా, నీలం, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఛాయలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. అలవాటైన కన్ను ఆ రంగును బట్టే మందం చెప్పేస్తుంది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే ఛాయ ఉందంటే చేయి తిరిగిన పని. చివర్లో నిదానంగా చల్లార్చకపోతే గాజు పగులుతుంది. బాగా కుదిరిన పొర 80 శాతానికి పైగా వెలుతురును పోనిస్తూ, చక్కగా కరెంటును మోస్తుంది.

పొర వేసే మరో పద్ధతి స్పట్టరింగ్. అందులో శూన్యపు గదిలో ఆర్గాన్ అయాన్లు పూత పదార్థపు దిమ్మను కొట్టి పరమాణువులను ఊడగొడతాయి, అవి వెళ్లి గాజు మీద పేరుకుంటాయి. సెల్‌ఫోన్ తెరల ఇండియం టిన్ ఆక్సైడ్ పొరను ఇలాగే వేస్తారు. అదుపు ఎక్కువే, ఖర్చూ ఎక్కువే. పైగా ఇండియం అరుదైన లోహం.

స్ప్రేకి కావలసినవి ఒక హాట్ ప్లేట్, ఒక నాజిల్, ఒక కంప్రెసర్, పొగలను బయటికి లాగే ఏర్పాటు. ఆ పొగల్లో ఆమ్లం ఉంటుంది కాబట్టి చివరిది మానకూడదు. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం కాలేజీల భౌతికశాస్త్రం మాస్టార్లకు నా మనవి: ఒక్క గాజుపలక మీదైనా ఈ పొరను వేయించి, మల్టీమీటర్ ముల్లు కదలడం పిల్లలకు చూపించండి.