నాబోతు తోట, పహోము పొలము

టాల్‌స్టాయి 1886లో ప్రకటించిన "మనిషికెంత నేల కావలెను?" అను కథను ఏదో యొక రూపమున వినని తెలుగు పాఠకుడు అరుదు. పిల్లల నీతికథల సంపుటములలో అది కలదు. ఉపన్యాస వేదికలపై కలదు. క్రైస్తవ దేవాలయములలోని ఆదివారపు ప్రసంగములలోను కలదు. ఐతే సాధారణముగ మనకు వినబడునది కథ కాదు, కథకు కొస మాత్రమే. పొద్దు పొడిచినది మొదలు పొద్దు గ్రుంకులోపల ఎంత నేల చుట్టివచ్చిన అంత నేల నీదని చెప్పగా పహోము అను రైతు ఆశకొలది దూరము పోవుట, తిరుగుదారిని పరుగెత్తి గమ్యము చేరి ప్రాణము విడుచుట, తుదకు వానికి ఆరడుగుల గోయి చాలుట - ఇంతే. "దురాశ దుఃఖమునకు చేటు" అను సామెతను దీనికి తగిలించి వక్త కూర్చుండును.

నేను క్రైస్తవ మతస్థుడను కాను. సాహిత్యమును ఇష్టముతో చదువుకొన్నవాడను మాత్రమే. ఆ హోదాలోనే ఒక మాట మనవి చేయుచున్నాను. ఈ కొసను మాత్రము పట్టుకొన్నవారికి కథలోని క్రైస్తవబోధ అందదు. మరికొంత సాహసించి చెప్పవలెనన్న, టాల్‌స్టాయియే కథ మధ్యలో పట్టుకొన్న ఆ బోధను చివరకు వచ్చుసరికి కొంత జారవిడిచినాడు.

చావును చూపి ఆశను మాన్పించుట మన వాఙ్మయమునకు వెన్నతో పెట్టిన విద్య. భర్తృహరి వైరాగ్యశతకము మొదలుకొని వేమన వరకు ఆ పాఠమును మనకు చెప్పనివారు లేరు. పోవునప్పుడు వెంట ఏమియు రాదను మాటకై రష్యాదేశము దాక పోనక్కరలేదు, పాలస్తీనాకు అసలే పోనక్కరలేదు. క్రీస్తు బోధలో ఇంతకుమించి ఏమున్నదో తెలియవలెనన్న లూకా సువార్త 12వ అధ్యాయమును తెరచి చూడవలెను. అక్కడ చెప్పబడిన ధనవంతుని ఉపమానమే పహోము కథకు మూలపురుషుని వంటిది.

ఆ ఉపమానము ఊరక పుట్టలేదు. జనసమూహములో నుండి ఒకడు లేచి, పిత్రార్జితములో తనకు పాలు పంచియిమ్మని తన అన్నదమ్మునితో చెప్పుమని యేసును అడిగినాడు. అన్నదమ్ముల భూమి తగాదా! మన పల్లెలలో రచ్చబండ క్రింద ప్రతిదినము వినబడునదే. యేసు ఆ తగవు తీర్చుటకు నిరాకరించి, దానికి బదులుగ ఈ కథ చెప్పినాడు. ఒక ధనవంతుని భూమి సమృద్ధిగ పండినది. వాడు ఎవనిని దోచుకొన్నట్టుగాని, కూలి ఎగవేసినట్టుగాని కథలో లేదు. వర్షము కురిసినది, పంట పండినది. ఇప్పుడేమి చేయుదునని వాడు ఆలోచించినాడు. ఉన్న కొట్లు విప్పి పెద్దవి కట్టించి, ధాన్యమంతయు నింపి, ఇక సుఖముగ తిని త్రాగి ఉండవచ్చునని తన ప్రాణముతో తానే చెప్పుకొన్నాడు. ఆ రాత్రియే ఆ ప్రాణము పోవుచున్నదని దేవుడు వానితో చెప్పెను.

ఇందులో అందరు చూచునది ఆ రాత్రి వచ్చిన చావు. నేను చూడుమనునది వాని సంభాషణ. వాడు ఎవరితో మాటలాడుచున్నాడు? భార్యతో కాదు, పాలేరుతో కాదు, పొరుగువానితో కాదు. అడుగువాడు తానే, చెప్పువాడు తానే, తుదకు అభినందించువాడును తానే. గ్రీకు మూలములోని ఆ మూడు వాక్యములలో "నా" అను మాట నాలుగు మారులు వచ్చును: నా పంట, నా కొట్లు, నా సంపద, నా ప్రాణము. ఊరిలో మరొక మనుష్యుడున్నాడను స్పృహ ఆ మాటలలో ఎక్కడను కానరాదు. చావు వానికి కొత్తగ తెచ్చిన ఒంటరితనమేమియు లేదు; వాడు అంతకుముందే ఒంటరి.

ఇచ్చట ఒక మాటనుగూర్చి కొంచెము ప్రస్తావింపవలెను. ఈ ఉపమానమునకు ముందు యేసు హెచ్చరించిన దోషమును మన తెలుగు బైబిలు "లోభము" అని అనువదించినది. తప్పు కాదు గాని, ఆ మాట మనలను కొంత ప్రక్కదారి పట్టించును. లోభి యనగనే మనకు తోచునది ఎంగిలిచేతితో కాకిని తోలనివాడు, ఉన్నదానిని పిడికిట బిగించినవాడు. గ్రీకులో ఉన్న "ప్లెయొనెక్సియ" అను పదమునకు అర్థము అదికాదు. మరింత కలిగియుండవలెనను కోరిక అని దాని అవయవార్థము. పిసినారి కానివాడు, కష్టజీవి, అతిథికి అన్నము పెట్టువాడు కూడ ఈ దోషమునకు లోనుకావచ్చును. పహోము అట్టివాడే.

పాత నిబంధనలోని నాబోతు కథ దీనిని మరింత స్పష్టముచేయును. ఇశ్రాయేలు రాజైన అహాబు తన నగరును ఆనుకొనియున్న నాబోతు ద్రాక్షతోటను కోరినాడు. ఎందులకు? కూరగాయలు పండించుకొనుటకు! దానికి బదులు అంతకంటె మంచి తోట ఇచ్చెదననియు, కాదన్న రొక్కమిచ్చెదననియు చెప్పినాడు. నేటి రిజిస్ట్రారు కచేరీలో ఈ బేరమునకు ఎవరు వంక పెట్టగలరు? కాని నాబోతు తన పితరుల స్వాస్థ్యమును ఇయ్యననెను. అంతట రాజు మంచమెక్కి, ముఖము త్రిప్పుకొని, అన్నము మానినాడు. ఒక రాజ్యము చేతిలోనున్నవాడు ఒక కూరతోటకై అలిగి పరుండుట! పేరాశను ఇంతకంటె నవ్వుగను, ఇంతకంటె భయంకరముగను చిత్రించిన ఘట్టము నేను చదువలేదు. తరువాత రాణి యెజెబెలు రాజు పేరట తాకీదులు పంపి, ఇద్దరు కూటసాక్షులను నిలిపి, నాబోతును రాళ్లతో కొట్టించినది. అహాబు లేచి తోటను స్వాధీనపరచుకొనుటకు బయలుదేరెను. ఆ తోటలోనే ఏలీయా ప్రవక్త వానికి ఎదురైనాడు. ఆయన అడిగినది తోట విస్తీర్ణమును గూర్చి కాదు, చచ్చినవానిని గూర్చి.

నాలుగవ శతాబ్దిలోని క్రైస్తవాచార్యులు ఈ రెండు కథలను కలిపి చదివిరి. కప్పదొకియలోని కైసరియలో 368 ప్రాంతమున కరవు వచ్చినప్పుడు, అప్పటికింక బిషప్పు కాని బాసిలు లూకా చెప్పిన కొట్ల ఉపమానముపై ఒక ప్రసంగము చేసెను. నాది నేను దాచుకొన్న ఎవనికి అన్యాయమని అడుగువానిని, ఆయన నాటకశాలకు ముందుగ వచ్చి కూర్చుండి, అందరికొరకు కట్టిన శాల తనదేనని తరువాత వచ్చువారిని అడ్డగించువానితో పోల్చినాడు. ధాన్యము దాచుటకు తావు లేదందువా, బీదల యిండ్లే నీకు కొట్లు అన్నాడు. అనగా కొట్టు కట్టుట తప్పు కాదు. ఎక్కడ కట్టుట అన్నదే ప్రశ్న. బాసిలు మాటలకే పరిమితుడు కాలేదు. పిమ్మట ఆ నగరము వెలుపల రోగులకు, బీదలకు ఆశ్రయముగ పెద్ద ధర్మాలయమును నిర్మించినాడు. ఆ శతాబ్ది చివర మిలాను నగరపు బిషప్పు అంబ్రోసు నాబోతుపై ఒక గ్రంథమే వ్రాసి, అందు బాసిలు ప్రసంగమునుండి చాల గ్రహించెను. నాబోతు కథ కాలముచే పాతది, ఆచారముచే నిత్యము జరుగునది అని ఆయన భావము. ఆ తరువాతి శతాబ్దములలో దేవాలయములకే అపారమైన మాన్యములు ఏర్పడి, ఈ ప్రసంగములు వినుటకు చెవులకు ఇంపుకాని కాలము వచ్చినది. అది వేరు కథ.

ఇక పహోమునొద్దకు వత్తము. వాడు మొదట బీదరైతు. పట్టణమునుండి వచ్చిన వదినె తన భార్యతో వాదులాడుచుండగ విని, చాలినంత భూమి యుండిన తాను సైతానుకైనను జడియనని అనుకొనును. పొయ్యి వెనుక కూర్చున్న సైతాను ఆ మాట విననే విన్నాడు. వారి ఊరి ప్రక్కన ఒక జమీందారిణికి పొలమున్నది. ఆమె పెట్టిన గుమాస్తా, పశువు గట్టుదాటినప్పుడెల్ల రైతులపై జుల్మానా వేసి పీడించును. పహోము ఎన్నియో మారులు కట్టినాడు. ఆమె పొలము అమ్మజూపగ, ఊరివారందరు కలిసి ఉమ్మడిగ కొందమనుకొనిరి. వారిలో వారికి పొసగలేదు. సైతాను కలహము పెట్టినాడని టాల్‌స్టాయి వ్రాసెను. సైతాను చేసిన మొదటి పని భూమి నిచ్చుట కాదు, ఊరిని విడదీయుట అని దీనివలన తెలియును. పిల్లల పుస్తకములలో ఈ వాక్యము ఉండదు.

అంతట ఎవరికి వారు కొనిరి. పహోము గుఱ్ఱపుపిల్లను అమ్మి, తేనెటీగలలో సగము అమ్మి, ఒక కొడుకును కూలికి కుదిర్చి ఆ జీతమును ముందుగ తీసికొని, సుమారు 40 ఎకరములు సంపాదించెను. బాకీలు ఏడాదిలో తీరినవి. అప్పుడు పొరుగువారి పశువులు వాని చేలో పడసాగెను. చాల దినములు ఓర్చినాడు. వారికి మేపుకొను చోటు చాలకనే ఇది జరుగుచున్నదని వానికి తెలియును. తెలిసియు కచేరీ కెక్కినాడు. ఒకరి తరువాత నొకరికి జుల్మానాలు వేయించినాడు. పొరుగువారు పగబట్టిరి. వాని తోపులో ఎవరో లేతచెట్లు నరికిరి, ఋజువులేని యనుమానముతో ఒకనిపై వ్యాజ్యెము తెచ్చి ఓడిపోయినాడు, న్యాయాధికారులతోను పోట్లాడినాడు. ఇప్పుడు వానికి భూమి విశాలము, ఊరిలో చోటు ఇరుకు.

నా దృష్టిలో పహోము మరణించినది ఇక్కడ. నిన్నటివరకు జుల్మానా కట్టిన చేయి నేడు జుల్మానా వసూలు చేసినది. వానికిని ఆ పాత గుమాస్తాకును భేదము లేకపోయెను. తరువాతి వోల్గా వలస, బష్కీరుల మైదానము, కొండపై పెట్టిన తోలుటోపి, ఆ పరుగు - ఇదంతయు గొప్ప కథనము. సందేహము లేదు. దిగుడు నేల కనబడినప్పుడు ఇక్కడ అవిసె బాగుగ పండునని ఇంకొక మలుపు చుట్టుకొనిపోవుట రైతు మనస్సును ఎరిగినవాడు తప్ప వ్రాయలేడు. టాల్‌స్టాయి ఎరిగినవాడే. ఆయన స్వయముగ సమారా ప్రాంతమున బష్కీరుల నడుమ వసించి, 1871లో అక్కడ వేల ఎకరములు కొన్నాడు. కొన్నేండ్ల తరువాత మరికొంత కొన్నాడు. ఈ కథలో ఆయన తననే కొరడాతో కొట్టుకొనుచున్నాడు గావలెను. కాని ఆ పరుగులో పొరుగువాడు లేడు. పహోము, సూర్యుడు, నేల మాత్రమే. ఆరడుగుల లెక్కతో కథ ముగియుసరికి ప్రశ్న "నీ పొరుగువాడేమయ్యెను?" అన్నదానినుండి "నీకెంత కావలెను?" అన్నదానికి దిగిపోయినది. రెండవది వైరాగ్యశతకపు ప్రశ్న. మొదటిది ఏలీయా ప్రశ్న.

ఈ సంచికను చదువు మనవంటివారికి ఈ విషయము పుస్తకములలోనిది మాత్రమే కాదు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియైన పిదప కోస్తా జిల్లాలనుండి ఎందరో మనవారు అక్కడి ఎకరము అమ్మి ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు కొని, రాయచూరు సీమలో "క్యాంపులు" వేసికొని స్థిరపడిరి. మాదియు అట్టి కుటుంబమే. దారినపోవు వర్తకుడు చెప్పగ విని పహోము బండి కట్టినట్లే, ఒక బంధువు చెప్పగ విని మా నాయనగారును బండి కట్టిరి. ఇందు పాపమేమియు నేను చూడను. తుమ్మలు కొట్టి, మెరక చదునుచేసి, నీరు పెట్టి వారు పడిన శ్రమను నేను కన్నులార చూచితిని. కాని ఒక సంగతి చెప్పక తప్పదు. మాకు పొలము అమ్మిన కన్నడిగుని గేదె, పూర్వపు అలవాటుచొప్పున, తన పాత దారినే కాలువకు పోవుచు మా వరిచేను తొక్కెడిది. రెండుమారులు ఊరకున్నాము. మూడవ మారు నాయనగారు దానిని బందెల దొడ్డికి తోలించిరి. దానిని విడిపించుకొనుటకు ఆ రైతు కట్టిన సొమ్ము, ఆ వారమున మా కోతలలో తాను సంపాదించిన కూలియే.

ఎన్నో యేండ్ల తరువాత, నాయనగారికి చూపు మందగించినప్పుడు, నేను ఈ కథను పూర్తిగ చదివి వినిపించితిని. పరుగు ఘట్టమున వారు చలింపలేదు. "అంత ఆశ ఎవడికుంటుందిలే" అని నవ్విరి. చదువుట ముగిసిన పిమ్మట మాత్రము, "ఇందాక ఆ పశువుల సంగతి వచ్చిందే, అది మళ్లీ చదువు, నాయనా" అనిరి. చదివితిని. "మనం ఆ గేదెకు బందె ఎంత కట్టించామో నీకు జ్ఞాపకముందా?" అని అడిగిరి. నాకు జ్ఞాపకము లేదు.

ఈ లోపమును నాకంటె ఎంతో ముందుగ కనిపెట్టినవాడు చెకోవు. 1898లో ఆయన వ్రాసిన "గూస్‌బెర్రీలు" అను కథలో ఇవాన్ ఇవానిచ్ అను పాత్ర, మూడు గజముల నేల కావలసినది శవమునకు గాని మనుష్యునకు కాదని టాల్‌స్టాయి ముగింపును ఎదిరించును. వాని తమ్ముడు ఒక చిన్న ఎస్టేటు కొని, అందు గూస్‌బెర్రీ చెట్లు పెంచుకొనవలెనను ఏకైక వాంఛతో డబ్బున్న వితంతువును పెండ్లాడి, ఆమెను అర్ధాకలితో ఉంచి చంపినంత పనిచేసినాడు. తుదకు పులుపెక్కిన తన పండ్లనే అమృతమని తినుచు తృప్తిగ బ్రతికినాడు. గమనింపుడు, వాడు చావలేదు! ఏ రాత్రియు వాని ప్రాణమును అడుగ రాలేదు. ఇక చావును చూపి వానికి ఏమి చెప్పగలము? అందుచేతనే ఇవాన్ ఇవానిచ్ మరియొక ఉపాయము కోరినాడు: తృప్తిగనున్న ప్రతివాని తలుపు వెనుక ఒకడు సుత్తి పట్టుకొని నిలిచి, లోకములో దుఃఖితులున్నారని కొట్టుచు జ్ఞాపకము చేయుచుండవలెనని. 1901లో దేవాలయముచే బహిష్కృతుడైనను జీవితాంతము సువార్తను చేతబట్టుకొని తిరిగిన టాల్‌స్టాయి ముగింపు కంటె, మతవిశ్వాసము అంతగా లేని ఈ వైద్యుని సుత్తియే లూకా చెప్పిన ఉపమానమునకు దగ్గరగ నున్నదని నాకు తోచుచున్నది.

ఈ ఉపమానముపై ప్రసంగించువారు తరచుగ 16వ వచనమునుండి, అనగా పంట పండిన చోటినుండి, చదువ మొదలిడుదురు. 13వ వచనములోని అన్నదమ్ముల తగాదానుండి మొదలుపెట్టుడని వారిని వేడుకొనుచున్నాను. అట్లే పహోము కథను పిల్లలకై సంక్షేపించు రచయితలు పరుగును ఒక పుట తగ్గించినను సరే, జుల్మానాల అధ్యాయమును విడువకుందురు గాక.