చుక్క కొట్టాడు, పొద్దుటి పని పోయింది

"అక్కా, పొద్దుట్నుంచి రాసిందంతా పోయింది!" అంటూ మంగళవారం మా టీమ్‌లో కొత్త కుర్రాడు నా సీటు దగ్గరికొచ్చాడు. ఏం కొట్టావంటే 'గిట్ చెకౌట్', పక్కన ఓ చుక్క. ఇంకా యాడ్ చెయ్యని మార్పులన్నీ పారెయ్యమని ఆ చుక్కకి అర్థం. "నిజంగానా?" అని గిట్ ఒక్క మాటైనా అడగదు. కమిట్ చేసిందైతే రిఫ్‌లాగ్‌లో వెతికి తెచ్చుకోవచ్చు, ఇదెక్కడా దొరకదు.

నా పాత గొడవ మీకు తెలిసిందే: పనిముట్టు తికమకగా ఉంటే వాడేవాణ్ణి తిట్టకూడదు. బ్రాంచి మారడానికీ చెకౌటే, మార్పులు పారెయ్యడానికీ చెకౌటే! 2019లో 2.23 వెర్షన్‌తో స్విచ్, రిస్టోర్ అని విడదీసి ఇచ్చినా, చాలామంది సీనియర్ల నోట ఇంకా చెకౌటే.

2005 ఏప్రిల్‌లో పందెం ఇంకోలా తిరిగుంటే బావుండేదని నాకెప్పుడూ అనిపిస్తుంది. లైనక్స్ కెర్నల్ వాళ్ళకి బిట్‌కీపర్ అనే వెర్షన్ కంట్రోల్ పనిముట్టు ఉచితంగా దొరకడం ఆగిపోయింది. లైనస్ టోర్వాల్డ్స్ గిట్ మొదలుపెట్టాడు, అదే నెలలో ఒలీవియా మాకల్ మెర్క్యూరియల్ మొదలుపెట్టింది. కమాండ్లు చూస్తే రెండోదే మనుషులకోసం రాసినట్టుండేది. నేను దాని పక్షమే. గెలిచింది గిట్. 2020లో బిట్‌బకెట్ మెర్క్యూరియల్‌ని తీసేసింది, ఫైర్‌ఫాక్స్ కోడ్ కూడా 2025లో గిట్‌కి మారిపోయింది.

ఇప్పుడు నా ముచ్చట జుజుత్సు, పొట్టిగా జేజే. గూగుల్‌లో పనిచేసే మార్టిన్ వాన్ జ్వైగ్‌బెర్క్ మొదలుపెట్టింది. లోపల గిట్ రిపోనే వాడుకుంటుంది కాబట్టి పక్కవాళ్ళకి తెలియక్కర్లేదు. యాడ్ గొడవ లేదు. ఏ జేజే కమాండ్ కొట్టినా అప్పటిదాకా రాసింది తనే దాచేస్తుంది, చేసింది నచ్చకపోతే 'జేజే అన్‌డూ'. కుర్రాడికి ఇదే అంటగట్టేద్దామనుకున్నాను.

కానీ అదే దాచెయ్యడం దగ్గర నాకు పేచీ వచ్చింది. డీబగ్ కోసం పెట్టిన ప్రింట్ లైన్లు, గిట్‌ఇగ్నోర్‌లో లేని కొత్త ఫైళ్ళు, దాదాపు అన్నీ అడక్కుండానే కమిట్‌లోకి. గిట్‌లో 'యాడ్ మైనస్ పి' కొడితే బియ్యంలో రాళ్ళేరినట్టు ముక్కముక్కా చూపించి, ఇది ఉండాలా వద్దా అని అడుగుతుంది. ఏళ్ళ తరబడి యాడ్‌తో చేసే ఆ స్టేజింగ్‌ని అనవసరపు మెట్టని ఇదే కాలమ్‌లో తిట్టాను. గిట్ మనల్ని ఆగి అడిగేది ముఖ్యంగా అక్కడే. కుర్రాడు మధ్యలో ఒక్కసారి యాడ్ చేసున్నా, అప్పటిదాకా రాసింది ఆ చుక్కకి దొరికేది కాదు.

జేజేలోనూ కమిట్‌ని ముక్కలు చెయ్యడానికి స్ప్లిట్ ఉంది, కాకపోతే అది మనకి గుర్తొచ్చినప్పుడు. అందుకని కుర్రాడికి ముందు రిస్టోర్, యాడ్ మైనస్ పి నేర్పుతున్నాను.