ఒప్పుకోలుతో పని లేని నవలలు

మనిషి అస్థిపంజరంలో అన్నిటికన్నా ఆలస్యంగా ఎదుగుదల ముగించేది కాలర్ బోన్. రొమ్ము వైపున్న దాని కొస పూర్తిగా అతుక్కునేసరికి ఇరవైలు దాదాపు గడిచిపోతాయి. ఊరూ పేరూ తెలియని ఎముకలు దొరికినప్పుడు, పోయింది ఇరవయ్యేళ్ల పిల్లా, ముప్ఫై దాటిన మనిషా అని తేల్చడానికి నిపుణులు చూసే చోట్లలో అదొకటి. ఈ సంగతి తెలుసుకోవడానికి మెడికల్ కాలేజీలో చేరనక్కర్లేదు. బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్, బుక్‌వర్మ్ దుకాణాల్లో క్రైమ్ నవలల అరలు వెతికి, కాథీ రైక్స్ పుస్తకం ఒకటి ఇంటికి తెచ్చుకుంటే చాలు.

ఫోరెన్సిక్ శాస్త్రవేత్త కథానాయికగా ఉండే నవలకు ఇప్పుడున్న రూపం ఇచ్చింది ఇద్దరు అమెరికన్ రచయిత్రులు. పాట్రీషియా కార్న్‌వెల్ వర్జీనియా రాష్ట్రంలో శవపరీక్షలు జరిగే ప్రభుత్వ కార్యాలయంలో రచనా విభాగంలోనూ, కంప్యూటర్ల దగ్గరా ఆరేళ్లు పనిచేశారు. అక్కడి అనుభవంతో 1990లో ‘పోస్ట్‌మార్టమ్’ రాశారు. అందులోని డాక్టర్ కే స్కార్పెటా ఆ రాష్ట్రానికి చీఫ్ మెడికల్ ఎగ్జామినర్. ఏడేళ్ల తర్వాత ‘డేజా డెడ్’తో కాథీ రైక్స్ వచ్చారు. ఆమె స్వయంగా ఫోరెన్సిక్ ఆంత్రొపాలజిస్టు. మాంసం పోయి ఎముకలే మిగిలినప్పుడు పిలిచే నిపుణురాలు. మాంట్రియల్‌లోని నేర పరిశోధనశాలకు పనిచేశారు, రువాండా జాతిహత్యపై ఐక్యరాజ్యసమితి ట్రిబ్యునల్‌లో సాక్ష్యం చెప్పారు, గ్వాటెమాలా సామూహిక సమాధుల దగ్గర ఎముకలను గుర్తుపట్టే పనిలో పాల్గొన్నారు. ఆమె కథానాయిక టెంపరెన్స్ బ్రెనన్ కూడా అదే వృత్తిలో, అదే నగరంలో బతుకుతుంది.

ఈ నవలల నడక పాత అపరాధ పరిశోధన కథల నడక కాదు. అక్కడ డిటెక్టివ్ అనుమానితులను ఒక గదిలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరి మాటల్లో తేడా పట్టుకుంటాడు. ఇక్కడ అసలు సంభాషణ టేబుల్ మీద జరుగుతుంది. కటి ఎముక ముందుభాగంలో కోణం వెడల్పుగా ఉంటే స్త్రీ. తొడ ఎముక పొడవును బట్టి ఎత్తు. విరిగిన అంచు రంగును బట్టి, ఆ దెబ్బ ప్రాణం పోయే సమయంలో తగిలిందా, మట్టిలో ఏళ్లు గడిచాక పలుగు తగిలిందా అన్నది. శవం మీద ఈగ గుడ్లు, పురుగులు ఏ దశలో ఉన్నాయో చూస్తే చనిపోయి ఎన్నాళ్లయిందో ఒక అంచనా. ‘డేజా డెడ్’లో కథను ముందుకు నడిపేది ఎముక మీద రంపం పళ్లు విడిచిన గీతలు. ఆ గీతల వెడల్పూ, లోతూ, అవి మొదలైన తీరూ పేజీల తరబడి వివరిస్తుంటే పాఠకుడికి విసుగు రాదు. ఒక్కో గీతతో హంతకుడి చేయి ఇంకాస్త దగ్గరగా కనిపిస్తుంది మరి.

శాస్త్రం పాఠంలా అనిపించకుండా చేసే ఉపాయం కూడా గమనించదగ్గది. కథానాయిక పక్కన ఎప్పుడూ ఒక పోలీసు ఉంటాడు. స్కార్పెటాకు పీట్ మరీనో, బ్రెనన్‌కు ఆండ్రూ రయన్. వాళ్లు అడిగే ప్రశ్నలు పాఠకుడి ప్రశ్నలే. ఇక ‘డేజా డెడ్’లో క్లాడెల్ అనే డిటెక్టివ్ బ్రెనన్ మాటను అడుగడుగునా తోసిపుచ్చుతాడు. ఈ హత్యలన్నీ ఒకడి పనే అని ఆమె అంటే, ఎముకలు చూసుకునే ఆడమనిషికి దర్యాప్తుతో ఏం పని అన్నట్టు ప్రవర్తిస్తాడు. అందుకని ఆమె ప్రతి మాటకూ రుజువు చూపించాలి. ఆ రుజువు చూపడమే కథ. వృత్తిలో ఆడవాళ్లు పడే కష్టం ఇక్కడ విడిగా అతికించిన సందేశం కాదు, కథనానికి ఇరుసు.

బెంగళూరులో ఈ నవలలు చదవడానికి ఇంకో అర్థం ఉంది. 2000 తర్వాత కొన్నేళ్లపాటు ఈ నగరంలోని ఫోరెన్సిక్ ల్యాబ్ పేరు దేశమంతా మోగింది నార్కో పరీక్షల వల్ల. సోడియం పెంటోథాల్ ఇంజెక్షన్ ఇచ్చి, మత్తులో ఉన్న మనిషి చేత మాట్లాడించడం. నకిలీ స్టాంపు పేపర్ల కుంభకోణంలో ప్రధాన నిందితుడు తెల్గీకి ఈ పరీక్ష ఇక్కడే చేశారు, ఆ వీడియో టీవీల్లో కూడా వచ్చింది. నిజం రాబట్టే మందు దొరికిందని జనం నమ్మారు. చివరికి సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో 2010 మే 5న సుప్రీంకోర్టు, ఇష్టం లేని మనిషికి నార్కో, పాలీగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయకూడదని తీర్పు చెప్పింది. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పింది. అయినా నాలుగు తగిలిస్తే వాడే ఒప్పుకుంటాడన్న నమ్మకం మన సినిమాల్లోనూ, మన ఇళ్లలోనూ ఇంకా పోలేదు. స్కార్పెటా, బ్రెనన్ కథల విలువ సరిగ్గా ఇక్కడే ఉంది. అనుమానితుడు నోరు విప్పినా విప్పకపోయినా కేసు ఆగదు.

ఇది నవలల్లో మాత్రమే జరిగేది కాదు. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగినప్పుడు, పేలుడులో చనిపోయిన ఫొటోగ్రాఫర్ హరిబాబు కెమెరా మిగిలింది. అందులోని ఫొటోలు ఆత్మాహుతి దాడి చేసిన ధనును చూపించాయి. తమిళనాడు ఫోరెన్సిక్ ల్యాబ్ డైరెక్టర్ పి. చంద్రశేఖరన్, చెల్లాచెదురైన ముక్కలను పరిశీలించి ఆమె నడుముకు కట్టుకున్న బాంబు బెల్టు ఎలాంటిదో తేల్చారు. ఆ జాడ బెంగళూరు శివార్లలోని కోననకుంటె దాకా వచ్చింది. ఆగస్టు 20న కమాండోలు అక్కడ నిందితులు దాక్కున్న ఇంట్లోకి వెళ్లేసరికి కుట్ర నడిపిన శివరాసన్, అతని సహచరి శుభ, తోటివాళ్లు ప్రాణాలు తీసుకుని ఉన్నారు. శివరాసన్ నోరు విప్పకుండానే పోయాడు. కేసు మాత్రం ఆగలేదు.

బెంగళూరుకు తనదైన పరిశోధకురాలు కూడా ఉంది. అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో పనిచేసే పర్యావరణ శాస్త్రవేత్త హరిణి నాగేంద్ర 2022లో ‘ది బెంగళూర్ డిటెక్టివ్స్ క్లబ్’ రాశారు. కాలం 1921. కథానాయిక కావేరికి పంతొమ్మిదేళ్లు, గణితమంటే ప్రాణం, చీరతోనే ఈత కొడుతుంది. భర్త రాము బౌరింగ్ ఆసుపత్రిలో డాక్టరు. విశ్వేశ్వరయ్య స్థాపించిన సెంచరీ క్లబ్‌లో విందు జరుగుతుండగా హత్య. కావేరికి ల్యాబ్ లేదు, డిగ్రీ లేదు. కానీ చూసింది రాసుకోవడం, పొసగని వివరాన్ని వదలకపోవడం, డాక్టరు భర్త మాటను ఆధారంగా తీసుకోవడం, అన్నీ శాస్త్రవేత్త లక్షణాలే. కలకత్తాలో వేలిముద్రల బ్యూరో 1897లోనే మొదలైందనీ, మద్రాసులో విషాలను పరీక్షించే ప్రభుత్వ ప్రయోగశాల 1849 నుంచీ ఉందనీ గుర్తుచేసుకుంటే, కావేరి కాలానికి ఈ ఆలోచన మన దేశానికి కొత్తది కాదని తెలుస్తుంది. నగరపు చెట్ల మీదా చెరువుల మీదా ఏళ్లుగా పరిశోధన చేసిన మనిషి కాబట్టి, హరిణి పేజీల్లో పాత బెంగళూరు వట్టి తెర కాదు, నిజంగా నడిచి చూసిన ఊరులా ఉంటుంది.

లోపాలూ ఉన్నాయి. నవలల్లో డీఎన్‌ఏ ఫలితం అనుకున్న వేళకు వస్తుంది. మన ల్యాబుల్లో నమూనాలు నెలల తరబడి వరసలో ఉంటాయి. వాటి మీద భారం ఇంకా పెరిగేలా ఉంది: 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లి తీరాలంటుంది, దానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఇచ్చింది. పైగా కార్న్‌వెల్ తర్వాతి పుస్తకాల్లో కొన్ని శాస్త్రాన్ని వదిలి కుట్రల వెంట పడ్డాయి. మొదలుపెట్టేవాళ్లు ఆమె తొలి నాలుగైదు నవలలతో ఆగినా నష్టం లేదు.

తెలుగులో అపరాధ పరిశోధన నవలకు పాఠకులు ఎప్పుడూ తక్కువ కాలేదు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌నూ, మధుబాబు షాడోనూ అద్దెకు తెచ్చుకుని రాత్రికి రాత్రి చదివి తిరిగిచ్చిన తరాలున్నాయి. అయితే ఆ ఇద్దరు హీరోలూ మగవాళ్లే, ల్యాబ్ వాళ్లకు ఇల్లు కాదు. హైదరాబాద్‌లో చూస్తే ఉప్పల్‌లో డీఎన్‌ఏ పరీక్షలకు పేరుపడ్డ సీడీఎఫ్‌డీ ఉంది, రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది. రైక్స్ తన ఎముకల టేబుల్ దగ్గర్నుంచీ, హరిణి తన చెరువుల గట్ల మీద నుంచీ నవలల్లోకి నడిచి వచ్చారు. ఆ ల్యాబుల్లో మైక్రోస్కోపు ముందు కూర్చునే మన అమ్మాయిల్లో ఎవరైనా ఒకరు తమ పనిని తెలుగులో నవలగా రాయాలి. చదవడానికి పాఠకులు సిద్ధంగా ఉన్నారు.