ఇంట చేరిన పరాయివాడు: ‘కన్యాశుల్కం’లో సంరక్షకుల ప్రశ్నలు

ఉపోద్ఘాతం

గురజాడ అప్పారావు (1862–1915) రచించిన ‘కన్యాశుల్కం’ 1892లో తొలిసారి ప్రదర్శితమైంది. 1897లో అచ్చయింది. ఎంతో పెరిగి, మారి 1909లో మలికూర్పుగా వెలువడింది. గిరీశాన్ని సంస్కర్త వేషం కట్టిన కపటిగా, నవ్వించే మాటకారిగా విమర్శకులు విస్తారంగా చర్చించారు. అతడు ఆ అగ్రహారపు ఇంట్లోకి వచ్చింది మాత్రం సంస్కర్తగా కాదు, వెంకటేశానికి చదువు చెప్పే పెద్దమనిషిగా. బడిపిల్లవాడిని ఒక పరాయి వయోజనుడికి అప్పగించేటప్పుడు పెద్దలు ఏమి అడిగారు, ఏమి అడగలేదు, అడగనిదాన్ని చివరకు ఎవరు అడిగారు అన్న కోణం నుంచి మలికూర్పును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

అడిగిన ప్రశ్నలు

వెంకటేశం చదువు కోసం ఇల్లు విడిచి విజయనగరంలో ఉంటున్నాడు. అక్కడ గిరీశం అతనికి గురువు, స్నేహితుడు, చుట్ట కాల్చడంలో తోడు. సెలవులకు పిల్లవాడితోపాటు గిరీశమూ కృష్ణరాయపురం అగ్రహారానికి వస్తాడు. ఇంట్లో ముగ్గురు పెద్దలున్నారు. ముగ్గురూ ఏదో ఒక రీతిలో అతణ్ణి అంచనా వేస్తారు.

తండ్రి అగ్నిహోత్రావధాన్లు దృష్టి ఖర్చు మీద ఉంది. ఇంగ్లీషు చదువుకు డబ్బు తగలేస్తున్నామని మండిపడిన ఆయనే, ఈ యువకుడు తన వ్యాజ్యాలకు పనికొస్తాడని తోచగానే మెత్తబడతాడు. గిరీశం లుబ్ధావధాన్లుకు వరుసకు తమ్ముడు కావడమూ కలిసివచ్చే విషయమే. తల్లి వెంకమ్మ దృష్టి కొడుకు నోట పలికే ఇంగ్లీషు మీద ఉంది. ఆ మాటల అర్థం ఆమెకు తెలియదు, మోత చాలు. మేనమామ కరటకశాస్త్రి వీరికంటె లోకం తెలిసినవాడు. మేనల్లుడి చేత పద్యం చదివించి అర్థం అడుగుతాడు. చదువులోని డొల్లతనం అక్కడికక్కడే బయటపడుతుంది. అయినా ఆయన పరీక్షించింది శిష్యుడి చదువునే గాని గురువు నడవడిని కాదు.

ఖర్చెంత, భాష వచ్చునా, అర్థం తెలుసునా అన్నవి ముగ్గురి ప్రశ్నలు. ఈ మనిషి ఎవరు, ఇంతకుముందు ఎక్కడ ఎలా బతికాడు, మన పిల్లల మధ్య ఎందుకు ఉండాలనుకుంటున్నాడు అన్నది ఎవరూ అడగరు. ఆ ఖాళీలోంచే గిరీశం పిల్లవాడి అక్క బుచ్చమ్మకు చేరువవుతాడు, ఆపై ఆమెను లేవదీసుకుపోతాడు. ఈ క్రమాన్ని కేవలం గిరీశం చాతుర్యానికి ఆపాదిస్తే నాటకంలోని విమర్శ సగమే అందుతుంది. సంరక్షకుల అజాగ్రత్తకూ అందులో సమాన భాగం ఉంది.

మరో పిల్లవాడు

ఇదే లోపం కరటకశాస్త్రి పథకంలో మరో రూపంలో కనిపిస్తుంది. మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లు పెళ్లి నుంచి తప్పించడానికి ఆయన తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి అదే ముసలివాడికి అమ్ముతాడు. ఉద్దేశం మంచిదే. కాని ఒక పిల్లను కాపాడడానికి మరొక పిల్లవాడిని పరాయి ఇంట్లో ఒంటరిగా వదలవలసి వచ్చింది. తన కూతురినిస్తానన్న ఆశ అతనికి ప్రతిఫలం. హాస్యం వల్ల ఈ ప్రమాదం ప్రేక్షకుడికి వెంటనే తట్టదు. ఈ పథకంలో మధురవాణి కూడా భాగస్వామే. కాబట్టి ఆమెను మచ్చలేని రక్షకురాలిగా నిలబెట్టడం సరికాదు.

అడిగిన స్నేహం

అయినా, అడగవలసిన ప్రశ్న చివరకు ఆమె వల్లనే వెలుగులోకి వస్తుంది. బుచ్చమ్మతో మధురవాణికి చుట్టరికం లేదు. ఆ కుటుంబం తరఫున మాట్లాడే హక్కు లోకం ఆమెకు ఇవ్వదు. గిరీశం ఎలాంటివాడో ఆమెకు తెలిసింది అతనితో గడిపిన జీవితం వల్ల. సౌజన్యారావు పంతులు విద్యావంతుడు, నిజాయితీపరుడు. కాని గిరీశం ఉపన్యాసాన్ని విన్నాడు, పూర్వాపరాలు విచారించలేదు. మధురవాణి వాటిని బయటపెడుతుంది. అందుకు తన గతాన్నే సాక్ష్యంగా ఇవ్వవలసి వస్తుంది.

ఇది పాత ప్రియుడిపై కసి అనే అభ్యంతరానికి అవకాశం ఉంది. అయితే హత్యానేరం మీదపడిన లుబ్ధావధాన్లును విడిపించడానికీ ఆమె పూనుకుంటుంది. ఆ ముసలివాడిపై ఆమెకు ప్రేమా లేదు, కసీ లేదు. రెండు సందర్భాలనూ కలిపి చూస్తే ఆమె ప్రవర్తనకు ప్రతీకారంకంటె బాధ్యతే తగిన వివరణ.

రక్షణకు హద్దు

సౌజన్యారావు నిర్ణయం ప్రకారం బుచ్చమ్మ పూనాలోని వితంతు శరణాలయానికి వెళ్లాలి. మోసగాడి చేతుల్లోంచి ఆమె బయటపడింది. కాని ఏమి కోరుకుంటున్నదో ఆమెను అడిగే ఘట్టం నాటకంలో లేదు. తండ్రి నిర్ణయించాడు, గిరీశం నిర్ణయించాడు, ఇప్పుడు సంస్కర్త నిర్ణయించాడు. పరాయివాడి గురించి అడగడం రక్షణలో మొదటి మెట్టు. రక్షణ పొందేవారిని అడగడం రెండో మెట్టు. నాటకం మొదటిదాన్ని చేరి అక్కడ ఆగింది.

ముగింపు

ఈ పఠనం విజయనగరం ప్రాంతానికో, గతించిన కాలానికో పరిమితం కాదు. చదువు కోసం ఇల్లు విడిచే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. నల్లమలలో అమ్రాబాద్ పీఠభూమి మీది చెంచు పెంటల నుంచి ఆశ్రమ పాఠశాలలకు, వసతి గృహాలకు వచ్చే పిల్లలు కన్నవారికి దూరంగా, ఇతర పెద్దల సంరక్షణలో పెరుగుతారు. 18 ఏళ్లు నిండనివారి కోసం 2012 నాటి పోక్సో చట్టం, 2015 నాటి బాలల న్యాయ చట్టం ఉన్నాయి. అయితే చట్టం కదలాలంటే ముందు ఎవరో ఒకరికి అనుమానం కలగాలి, ఆ అనుమానం నోరు దాటాలి. ఆ ఒకరు చాలాసార్లు తోటి విద్యార్థి, స్నేహితురాలు, అధ్యాపకుడు. అడిగే హక్కు చుట్టరికం వల్లనే వస్తుందనుకునే సమాజంలో, ఏ వరుసా లేని మధురవాణి చేత గురజాడ ఆ పని చేయించాడు. ‘కన్యాశుల్కం’ను తరగతిలో బోధించేటప్పుడు గిరీశం మాటల చమత్కారంతోపాటు ఆ మాటలకు ఎదురుప్రశ్న వేయని పెద్దల మౌనాన్ని కూడా చర్చకు పెట్టడం అవసరం.