చిరుగూ పిగులూ

నేను సంతకం పెట్టిన ఎమ్మారై రిపోర్టును మడిచి పట్టుకుని ఒకావిడ నా గది గుమ్మంలో నిలబడ్డారు. యాభై ఎనిమిదేళ్లు. ముప్పై ఏళ్లుగా కుట్టుమిషను తొక్కుతున్నారు. "మోకాలు లోపల చిరిగిందని రాశారంట కదా సార్. మా అబ్బాయి చదివి చెప్పాడు. అప్పట్నుంచి కాలు కింద పెట్టాలంటే భయమేస్తోంది, ఇంకా చిరుగుతుందేమోనని" అన్నారు.

నేను రాసింది అబద్ధం కాదు. తొడ ఎముకకూ కాలి ఎముకకూ నడుమ నెలవంకల్లాంటి రెండు మెత్తలుంటాయి. వాటిని మెనిస్కస్ అంటాం. ఆవిడ మోకాలిలో లోపలివైపు మెనిస్కస్ వెనక కొమ్ములో అడ్డంగా ఒక తెల్లటి గీత ఉంది. వరుసగా రెండు చిత్రాల్లో అది అంచును తాకింది. మా లెక్క ప్రకారం అది 'టేర్'. అదే రాశాను. ఆ మాట ఆవిడ ఇంటికి వెళ్లాక ఏం చేస్తుందో ఆలోచించలేదు.

కీళ్ల ఎమ్మారై చదవడమంటే చాలావరకు నలుపును చదవడమే. ఒంట్లోని నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాల సంకేతాలతో ఆ చిత్రాలు తయారవుతాయి. జనం 'నరాలు' అని పిలిచే లిగమెంట్లు, టెండన్లు నిజానికి కొల్లాజెన్ పోగులను బిగించి పేనిన తాళ్లు. మెనిస్కస్‌లోనూ ఆ పోగులే. వాటిలోని కాస్త నీరూ పోగులకు అతుక్కుని ఉంటుంది. దాని సంకేతం మిషను అందుకునేలోపే ఆరిపోతుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న టెండన్ నల్లగా ఉంటుంది. పోగు తెగినా, వాచినా, అరిగినా అక్కడికి నీరు చేరి తెలుపు పొడుస్తుంది. ఆ తెలుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం పొరల్లో, మూడు దిక్కుల నుంచి ఒక్కో చిత్రమే చూసుకుంటూ పోవాలి.

అయితే కనిపించిన తెలుపంతా జబ్బు కాదు. నేర్చుకునే రోజుల్లో ఒక భుజం స్కాన్‌లో సుప్రాస్పైనేటస్ టెండన్ చివర తెల్లగా కనబడితే, కొంత తెగిందని చెప్పాను. మా గురువుగారు ఏమీ అనకుండా అదే భుజానికి టీ2 అనే ఇంకో రకం చిత్రాలు తెరిచారు. అందులో అదే చోటు నల్లగా, నిండుగా ఉంది. టెండన్ పోగులు అయస్కాంత క్షేత్రానికి సుమారు 55 డిగ్రీల వాలులో ఉంటే, కొన్ని రకాల చిత్రాల్లో ఏ దెబ్బా లేకుండానే తెల్లబడతాయి. దీన్ని 'మ్యాజిక్ యాంగిల్' అంటారు. భుజంలో ఆ టెండన్ సరిగ్గా అక్కడే వంపు తిరుగుతుంది. ఒక చిత్రం చెప్పినదాన్ని ఇంకో చిత్రాన్ని అడక్కుండా నమ్మకూడదని ఆ రోజు తెలిసింది.

ఒక్కోసారి దెబ్బ తగిలిన క్షణమంతా చిత్రాల్లోనే ఉంటుంది. కబడ్డీలో మోకాలు మెలిపడిన కుర్రాడి స్కాన్ తెరిస్తే, మోకాలి నడుమ ఉండే ఏసీఎల్ అనే లిగమెంటు దాకా వెళ్లకముందే రెండు మసక తెలుపు మచ్చలు కనబడతాయి. ఒకటి తొడ ఎముక బయటివైపు, ఇంకొకటి కాలి ఎముక వెనక బయటి మూలన. లిగమెంటు తెగినప్పుడు కాలి ఎముక ముందుకు జారి, ఆ రెండు చోట్లా ఎముకలు ఢీకొని లోపల కమిలాయన్నమాట. ఆ కమిలిన గుర్తు వారాల తరబడి ఉంటుంది. అలాంటి స్కాన్‌లో తెగిన లిగమెంటు కనబడితే 'తెగింది' అని రాయడానికి చెయ్యి తడబడదు.

కుట్టుమిషను తొక్కే ఈ అమ్మకు అలాంటి దెబ్బేదీ తగల్లేదు. దెబ్బ లేకుండా వయసుతో వచ్చే టేర్ నొప్పి లేనివాళ్లలోనూ కనబడుతుంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 50 నుంచి 90 ఏళ్ల వయసున్న 991 మందికి, నొప్పి ఉన్నా లేకపోయినా, మోకాలి ఎమ్మారై తీశారు. 2008లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మెనిస్కస్ టేర్ కనబడినవాళ్లలో 61 శాతం మందికి అంతకుముందు నెల రోజుల్లో ఆ మోకాలు నొప్పే పెట్టలేదు. 2013లో ఫిన్లాండ్ వైద్యులు, అరుగుదల వల్ల టేర్ వచ్చిన 146 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆర్థ్రోస్కోపీతో దెబ్బతిన్న ముక్క తీసేశారు. రెండో గుంపుకు మెనిస్కస్ జోలికి పోకుండానే ఆపరేషన్ చేసినట్టు చూపించారు. ఏడాది తర్వాత రెండు గుంపుల బాగోగుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా ఆ రిపోర్టులో ఆ మాటను ఒంటరిగా వదిలేశాను.

ఆవిడను కూర్చోబెట్టి, "నొప్పి ఎక్కడమ్మా? ఒక్క వేలితో చూపించండి" అన్నాను. వేలు కీలు మీద ఆగలేదు. లోపలివైపే, కీలుకు రెండు అంగుళాల కింద ఎముక మీద ఆగింది. చిత్రాలు మళ్లీ తెరిచాను. తొడ నుంచి దిగే మూడు టెండన్లు ఎముకకు అతుక్కునే చోట, వాటి అడుగున సన్నటి నీటి పొర. మొదటిసారీ అది అక్కడే ఉంది. టేర్ దొరకగానే నా వెతుకులాట ఆగిపోయింది. డాక్టరు పంపిన చీటీలో 'మోకాలి నొప్పి' అన్న రెండే మాటలున్నాయి. ఎక్కడని నేనూ అడగలేదు.

"అమ్మా, కొత్త గుడ్డ మేకుకు తగులుకుంటే ఏమంటారు?"

"చిరిగిందంటాం."

"ఏళ్లతరబడి ఉతికి కట్టిన చీరైతే?"

"అది పిగులుతుంది సార్." కాసేపాగి ఆవిడే అన్నారు: "పిగిలినదానికి కుట్టు నిలవదు. సూది పడితే పక్కన ఇంకా పిగులుతుంది."

"మీ మోకాలిలో ఉన్నది ఆ పిగులేనమ్మా. నొప్పి పెడుతున్నది దాని కిందున్న వాపు అనిపిస్తోంది. మీ డాక్టరుగారితో మాట్లాడతాను" అన్నాను. ఆయన పరీక్ష చేసి నా అనుమానం నిజమేనన్నారు. ఫిజియోథెరపీ రాశారు. నేను రిపోర్టు సవరించి ఇచ్చాను.

మా రిపోర్టుల ఇంగ్లీషులో చిరుగైనా పిగులైనా 'టేర్' ఒక్కటే. కబడ్డీ కుర్రాడికీ ఈ అమ్మకూ అదే మాట రాసి చేతిలో పెడతాం. ఇప్పుడు ఆ మాట రాసిన ప్రతిసారీ పక్కనే ఇంకో వాక్యం చేరుస్తున్నాను: ఇది దెబ్బ వల్ల వచ్చిందా, వయసుతో వచ్చిందా, నొప్పి ఉన్న చోటుతో కలుస్తోందా లేదా అని.

ఇంకో పని కూడా మొదలుపెట్టాం. స్కాన్‌కు ముందు మా టెక్నీషియన్ నొప్పి ఉన్న చోట వేలు పెట్టమని అడిగి, అక్కడ చర్మం మీద విటమిన్ ఇ గొట్టం మాత్ర ఒకటి టేపుతో అంటిస్తాడు. కొవ్వు తెల్లగా కనిపించే చిత్రాల్లో అదొక తెల్లటి చుక్కలా కనబడుతుంది. నేను చదవడం ఆ చుక్క దగ్గరే మొదలుపెడతాను.