ఫార్మాట్ కొట్టే ముందు

"అన్నా, అప్‌గ్రేడ్ చేసినప్పట్నించి సిస్టం తిరగతానే ఉండాది. ఫార్మాట్ కొట్టేద్దామా?"

తిరుపతిలోనో చిత్తూరులోనో కంప్యూటర్లు బాగుచేసేవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. దాంతో పాత యంత్రాల మీదే విండోస్ 11 ఎక్కించుకున్నవాళ్లు చాలామంది. దానికి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ జాగా ఉండాలన్నది నియమం. ఆ 4 జీబీతో సిస్టం లేస్తుంది గానీ, బ్రౌజరూ పేజ్‌మేకరూ ఒకేసారి తెరిస్తే ఈడ్చలేదు.

నెట్ సెంటర్‌కు ఈ నత్తనడక చిన్న కష్టం కాదు. తిరుమల 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు విడుదలయ్యే ఉదయం, ఎదురుగా జనం నిలబడి ఉండగా తెర బిగుసుకుపోతే ఎంత అవస్థో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకే తెలుసు.

అయినా ఫార్మాట్‌కు తొందరపడకూడదు. డీటీపీ సెంటర్‌లో అది మరీ ప్రమాదం. అక్కడ తెలుగుకు వాడే అను ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల సంకేతాల మీదే తెలుగు బొమ్మల్ని కూర్చుకున్నవి. ఫార్మాట్‌తో ఆ ఫాంటు పోతే ఏళ్లుగా దాచుకున్న శుభలేఖలన్నీ అర్థంకాని గుర్తులుగా తెరుచుకుంటాయి.

చెయ్యి తిరిగిన మెకానిక్ అందుకే "ఉండప్పా, ముందు చూద్దాం" అంటాడు.

అప్‌గ్రేడ్ అయ్యాక సిస్టం ఫైళ్లన్నిటికీ మళ్లీ సూచిక తయారుచేసుకుంటుంది, డ్రైవర్లు దించుకుంటుంది. ఒక రాత్రి ఆన్‌లో వదిలేస్తే ఆ పని చాలావరకు తీరిపోతుంది. అప్పటికీ నెమ్మదిగానే ఉంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవాలి. మెమరీ నిండిపోయి ఉంటే ర్యామ్ చాలడం లేదు. సిస్టంతోపాటే లేచే అనవసరపు ప్రోగ్రాములను స్టార్టప్‌లో ఆపేస్తే కొంత ఊపిరి ఆడుతుంది. డిస్క్ దగ్గర 100 శాతం కదలకుండా నిలిచిపోతే, ఎక్కువసార్లు ఇబ్బంది పాత హార్డ్‌డిస్క్‌దే. నిమిషానికి 5,400 చుట్లు తిరిగే పళ్లెం మీద ముల్లు అటూ ఇటూ జరుగుతూ వెతకాలి. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు.

సీ డ్రైవ్‌లో జాగా మింగే 'విండోస్.ఓల్డ్' ఫోల్డర్‌నూ వెంటనే తీసేయకూడదు. పాత సిస్టంకు వెనక్కి వెళ్లే దారి అదే. మామూలుగా ఆ గడువు 10 రోజులు.

పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు ఎస్ఎస్‌డీలోకి క్లోన్ చేసిన రోజు సెంటర్‌లో ఊరట కనిపిస్తుంది. ఫాంట్లు, ప్రింటరు, ఫైళ్లు ఎక్కడివక్కడే. పాత శుభలేఖ తెరిచి, పేర్లూ ముహూర్తమూ మార్చి, ఆపరేటర్ ప్రింట్ నొక్కుతాడు.